గుర్రపుడెక్క కింద కొర్రమీను: పాతబస్తీ చెరువుల్లో గాలం వేట

హైదరాబాద్‌లోని మీర్ ఆలం చెరువును చేపల కోసం కట్టలేదు. 1799లో శ్రీరంగపట్నం యుద్ధానికి నిజాం సైన్యాన్ని నడిపించి, 1804లో దివాను పదవికి వచ్చిన మీర్ ఆలం పేరు దీనికి నిలిచింది. 1806 నాటికి పూర్తయిన ఈ కట్ట నేరుగా సాగే గోడ కాదు. 21 అర్ధవృత్తాకారపు రాతి కమానులు నీటివైపు ఉబ్బి, పక్కపక్కనే నిలబడి భారాన్ని స్తంభాల మీదికి పంపుతాయి. మూసీ నీరు కాలువ గుండా వచ్చి చెరువు నిండేది. 1920లో ఉస్మాన్‌సాగర్ పూర్తయ్యేదాకా పాతబస్తీ దాహం తీర్చిన నీరు ఇదే. ఆ నీటితోపాటు చేపలూ వచ్చాయి. లోతు తక్కువైన అంచుల్లో తుంగ, నాచు, బురద పేరుకున్నచోట అన్నిటికన్నా బాగా స్థిరపడింది కొర్రమీను. దక్కనీ మాట్లాడే ఇళ్లలో దాన్ని మరల్ అంటారు.

అమెరికా చెరువుల్లో బాస్ చేపకు ఉన్న స్థానం దక్కన్ చెరువుల్లో కొర్రమీనుది. రెండింటికీ చుట్టరికం లేదు కానీ వేటాడే తీరు ఒకటే: కలుపులో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని ఒక్క ఉదుటున నోట పట్టడం. కొర్రమీనుకు ఇంకో బలం ఉంది. మొప్పల పైభాగంలో ఉన్న ప్రత్యేక అవయవంతో అది నేరుగా గాలి పీలుస్తుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గినా బతుకుతుంది. ఊపిరి కోసం మాత్రం మాటిమాటికీ పైకి రాక తప్పదు. అలా పైకి వచ్చినప్పుడు వినపడే చిన్న చప్పుడు, లేచే బుడగలు వేటగాడికి ఆనవాలు.

గాలం సరంజామా పెద్దదేమీ కాదు. వెదురు కర్ర, గట్టి దారం, ఇనుప కొక్కెం, ఎర తేలడానికి బెండు, మునగడానికి సీసం ముక్క. నైలాన్ రాకముందు దారం నూలుదో జనుముదో అయ్యేది. తడికి కుళ్లిపోకుండా నూలు దారాలను, వలలను చెట్టు బెరడు కషాయంలో నానబెట్టేవారు. నైపుణ్యమంతా ఎరలో ఉంది. చిన్న చేపలకు వానపాము చాలు. కొర్రమీనుకు కదిలే ఎర కావాలి కాబట్టి బతికున్న కప్పనో చిన్న చేపనో వీపు దగ్గర కొక్కేనికి గుచ్చి, ఆకుల మధ్య ఖాళీలో నీటిమీద చిందులేసేలా వదులుతారు. బెండు ఇక్కడ అడ్డమే, కలుపులో చిక్కుకుంటుంది. ఎర మాయమైన క్షణంలో లాగేస్తే చేప దక్కదు, అది మింగేదాకా ఆగాలి. ఆ తరువాత మాత్రం తాత్సారం చేయకూడదు, చేప కలుపు వేళ్లలోకి దూరితే దారం తెగుతుంది. కొందరు రాత్రికి కర్ర గట్టున పాతి, కప్ప ఎరతో దారం కట్టి వెళ్లి పొద్దున్నే చూసుకుంటారు.

వానలు మొదలయ్యాక కొర్రమీను కలుపు మధ్య కొంత జాగా చదును చేసి గుడ్లు పెడుతుంది. నారింజ రంగు పిల్లలు గుంపుగా నీటిమీద తిరుగుతుంటే తల్లిదండ్రులు కాపలా కాస్తాయి. ఆ గుంపు మధ్య ఎర వేస్తే కాపలా చేప కోపంతో మీదికి వచ్చి చిక్కుతుంది. ఇంత సులువైన వేట ఇంకొకటి లేదు, ఇంత నష్టమైనదీ లేదు: పెద్ద చేప పోతే పిల్లల గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. ఎండాకాలం పద్ధతి వేరు. నీరింకిన చెరువుల్లో కొర్రమీను తడిబురదలో దూరి ఉంటుంది. అప్పుడు గాలంతో పనిలేదు. చేతులతోనే తవ్వి తీస్తారు, మోకాలి లోతు నీరుంటే అడుగు లేని వెదురు బుట్టను బోర్లించి పట్టుకుంటారు.

నీరు లేకున్నా చాలాసేపు బతికే ఈ చేపకు పాతబస్తీ ఆచారంలోనూ చోటుంది. దూద్‌బౌలిలోని బత్తిని కుటుంబం 1845 నుంచి మృగశిర కార్తె నాడు ఉబ్బస రోగులకు చేప ప్రసాదం ఇస్తున్నట్టు చెబుతుంది. వేలెడు పొడవున్న బతికున్న కొర్రమీను పిల్ల నోట పసుపు రంగు మూలికల ముద్ద పెట్టి రోగి చేత మింగిస్తారు. శాకాహారులకు బెల్లంతో ఇస్తారు. ఇది వ్యాధి తగ్గిస్తుందని వైద్యపరంగా రుజువు కాలేదు. అయినా జనం పెరిగి, పంపిణీ ఇంటి నుంచి నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానానికి చేరింది. చేపపిల్లలను మత్స్యశాఖ సమకూరుస్తుంది. కరోనా కారణంగా 2020 నుంచి 2022 వరకు ఆగిన పంపిణీ 2023లో మళ్లీ మొదలైంది.

బ్రిటిష్ అధికారుల గాలం దారి వేరు. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో ‘ద రాడ్ ఇన్ ఇండియా’ ప్రచురించాడు, చెరువుల వేటకు తరువాత విడిగా ఇంకో పుస్తకమే రాశాడు. అలాంటి చెరువుల వేటలో దొరికే బొచ్చె, రోహు వంటి చేపలు కప్పను ముట్టవు. వాటికి తవుడు చల్లి ఒకచోటికి రప్పించి, పిండి ముద్దను కొక్కేనికి పెట్టి, బెండు కదలిక చూస్తూ కూర్చోవాలి. ఇది ఓపిక వేట, కొర్రమీనుది గురి వేట.

1957లో హార్మోన్ సూదితో బొచ్చె, రోహు వంటి చేపలచేత గుడ్లు పెట్టించే పద్ధతి మన దేశంలో ఫలించాక చెరువుల లెక్క మారింది. హేచరీ పిల్లలను వదిలి వలతో ఒకేసారి పట్టడం ఆదాయ మార్గమైంది. పిల్లలను తినేసే కొర్రమీను అక్కడ శత్రువు. 1952లో దేశంలోకి వచ్చిన తిలాపియా కూడా ఎక్కడపడితే అక్కడ పెరిగిపోయింది. మీర్ ఆలం చెరువులోకి మురుగు చేరి గుర్రపుడెక్క కమ్మేసినప్పుడు నీటి ప్రాణవాయువు మీదే ఆధారపడిన చేపలకు కష్టమైంది, గాలి పీల్చే కొర్రమీనుకు అంత కష్టం లేదు. తెలంగాణ రాష్ట్ర చేప కూడా ఇదే.

ఇప్పటి కుర్రకారు చేతిలో రీలు, అల్లిన దారం, బోలు రబ్బరు కప్ప కనిపిస్తాయి. రబ్బరు కప్పకు కొక్కేలు పైకి తిరిగి దాని వీపును ఆనుకుని ఉంటాయి కాబట్టి గుర్రపుడెక్క ఆకుల మీదుగా లాగినా చిక్కుకోవు. చేప కరిచినప్పుడు రబ్బరు నొక్కుకుపోయి కొక్కెం బయటపడుతుంది. అల్లిన దారం సాగదు కనుక చేపను వేళ్లలోకి దూరనీయకుండా లాక్కోవచ్చు. బతికున్న కప్ప అవసరం దీంతో తప్పింది. అది మంచిదే, కప్పలు తగ్గిపోతున్నాయన్న ఆందోళనతోనే 1987లో కప్ప కాళ్ల ఎగుమతిని కేంద్రం నిషేధించింది. అయితే చెరువుల్లో చేపల హక్కు చాలాచోట్ల గంగపుత్ర, ముదిరాజ్ మత్స్యకారుల సహకార సంఘాలది. రబ్బరు కప్ప విసిరేవాడైనా ముందు వారి అనుమతి తీసుకోవాలి.