మొక్కజొన్న చేను నుంచి మద్రాసు వరకు: తొలినాటి మోర్మన్ చరిత్రలో మరుగున పడిన గాథలు

1833 జూలై 20. అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, ఇండిపెండెన్స్ పట్టణం. ఒక ముద్రణాలయాన్ని అల్లరిమూక చుట్టుముట్టింది. అచ్చుయంత్రాన్ని ధ్వంసం చేసి, అచ్చయిన కాగితాలను వీధిలోకి విసిరివేయసాగింది. కంచె చాటు నుంచి ఇదంతా చూస్తున్న 15 ఏళ్ల మేరీ ఎలిజబెత్ రోలిన్స్, ఆమె చెల్లెలు కారొలైన్ ఒక్క ఉదుటున వెళ్లి, చేతికందినన్ని కాగితాలు తీసుకుని పక్కనే ఉన్న మొక్కజొన్న చేనులోకి పరుగెత్తారు. వెంటపడిన మనుషులు చేనంతా గాలించారు. అక్కాచెల్లెళ్లు కాగితాలను నేలపై పెట్టి, వాటిని తమ శరీరాలతో కప్పి, ఊపిరి బిగబట్టి పడుకున్నారు. వెతికినవారు విసిగి వెనుదిరిగారు.

ఆ కాగితాలు ‘బుక్ ఆఫ్ కమాండ్‌మెంట్స్’ అనే గ్రంథానివి. తనకు దైవం నుంచి అందాయని జోసెఫ్ స్మిత్ ప్రకటించిన సందేశాల తొలి సంకలనం అది. నాడు దక్కిన పుటలతో కూర్చిన ప్రతులు నేడు అమెరికాలోని అత్యంత అరుదైన గ్రంథాలలో లెక్కకు వస్తాయి.

మోర్మన్లు అనగానే బహుభార్యత్వం, సాల్ట్ లేక్ సిటీలోని ఆలయం చాలామందికి గుర్తుకు వస్తాయి. తొలి 60, 70 ఏళ్ల వారి చరిత్రలో అంతగా ప్రచారంలోకి రాని గాథలు మరెన్నో ఉన్నాయి. తరిమివేతకు గురైన ఒక సమాజం తానే ఇతరులకు తలుపులు మూసిన సందర్భాలు, ఆ తలుపుల వద్ద నిలబడి అడగడం మానని వ్యక్తుల జీవితాలు వాటిలో కనిపిస్తాయి. మద్రాసుకు, హైదరాబాదుకు సంబంధించిన ఒక అధ్యాయమూ అందులో ఉంది.

ఎవరీ మోర్మన్లు?

1805లో వెర్మాంట్ రాష్ట్రంలో జన్మించిన జోసెఫ్ స్మిత్ 1830 మార్చిలో ‘బుక్ ఆఫ్ మోర్మన్’ గ్రంథాన్ని వెలువరించారు. పురాతన బంగారు రేకులపై ఉన్న రాతను దైవసహాయంతో అనువదించానని ఆయన చెప్పారు. అదే ఏడాది ఏప్రిల్ 6న న్యూయార్క్ రాష్ట్రంలో కొత్త సంఘాన్ని స్థాపించారు. దీని ప్రస్తుత నామం ‘ద చర్చ్ ఆఫ్ జీసస్ క్రైస్ట్ ఆఫ్ లాటర్ డే సెయింట్స్’. అనుచరులు ఒహాయోలోని కర్ట్‌లాండ్‌కు, మిస్సోరీకి, తరువాత ఇల్లినాయ్‌లోని నావూకు వలస వెళ్లారు. 1844 జూన్ 27న కార్తేజ్ కారాగారంలో జోసెఫ్ స్మిత్‌ను, ఆయన అన్న హైరమ్‌ను మూక కాల్చి చంపింది. బ్రిగమ్ యంగ్ నాయకత్వంలో అధికసంఖ్యాకులు పశ్చిమానికి నడిచి, 1847లో సాల్ట్ లేక్ లోయకు చేరారు.

ముద్రణాలయంపై దాడి ఎందుకు?

ఇండిపెండెన్స్‌లో మోర్మన్లపై ఆగ్రహానికి కారణాలు అనేకం. వారు మూకుమ్మడిగా స్థలాలు కొంటున్నారన్న భయం, ఓట్ల బలం పెరుగుతుందన్న ఆందోళన, మతవిశ్వాసాలపై విముఖత అప్పటికే ఉన్నాయి. నిప్పు రాజేసింది మాత్రం ఒక వార్తావ్యాసం. మోర్మన్ పత్రిక సంపాదకుడు విలియం ఫెల్ప్స్ 1833 జూలై సంచికలో, బానిసలు కాని నల్లజాతీయులు మిస్సోరీలో ప్రవేశించడానికి ఉన్న చట్టనిబంధనలను ప్రచురించారు. మిస్సోరీ నాడు బానిసత్వం అమలులో ఉన్న రాష్ట్రం. ఆ వ్యాసం నల్లజాతీయులకు ఆహ్వానమేనని స్థానికులు భావించారు.

ఫెల్ప్స్ వెంటనే అనుబంధ ప్రకటన వెలువరించారు. వారిని రానివ్వకూడదన్నదే తమ ఉద్దేశమని అందులో రాశారు. అయినా ఆగ్రహం చల్లారలేదు. ముద్రణాలయం కూలిన రోజునే సంఘ బిషప్ ఎడ్వర్డ్ పార్ట్రిడ్జ్‌ను వీధిలో నిలబెట్టి, ఒంటికి తారు పూసి పక్షి ఈకలు అద్దారు. నల్లజాతీయుల ప్రస్తావన తెచ్చే ముప్పు ఏమిటో ఆ సమాజానికి అంత తొలినాడే తెలిసివచ్చింది.

ఆదేశాన్ని ధిక్కరించిన సేనాని

అయిదేళ్ల తరువాత పరిస్థితి మరింత విషమించింది. 1838 అక్టోబరు 27న మిస్సోరీ గవర్నర్ లిల్‌బర్న్ బాగ్స్ ఒక ఉత్తర్వు జారీచేశారు. మోర్మన్లను శత్రువులుగా పరిగణించాలని, వారిని నిర్మూలించాలని లేదా రాష్ట్రం నుంచి వెళ్లగొట్టాలని దాని సారాంశం. మూడు రోజుల తరువాత హాన్స్ మిల్ అనే చిన్న పల్లెపై జరిగిన దాడిలో 17 మంది మోర్మన్లు హతులయ్యారు. మృతులలో పదేళ్ల బాలుడు కూడా ఉన్నాడు.

జోసెఫ్ స్మిత్‌ను, మరికొందరు నాయకులను బంధించిన సైన్యాధికారి శామ్యూల్ లూకస్, వారిని మరునాటి ఉదయం ఊరి కూడలిలో కాల్చివేయాలని తన కింది సేనాని అలెగ్జాండర్ డోనిఫన్‌ను ఆదేశించారు. డోనిఫన్ వృత్తిరీత్యా న్యాయవాది. మోర్మన్ కాదు. ఇది హత్య అవుతుందని, తాను అమలుచేయనని, ఎవరైనా అమలుచేస్తే చట్టం ముందు నిలబెడతానని ఆయన బదులిచ్చారు. ఆ మరణశిక్ష అమలు కాలేదు. గవర్నర్ ఉత్తర్వు మాత్రం 138 ఏళ్లపాటు రద్దు కాకుండా మిగిలిపోయింది. 1976 జూన్ 25న అప్పటి గవర్నర్ క్రిస్టఫర్ బాండ్ దానిని లాంఛనంగా ఉపసంహరించి విచారం వ్యక్తంచేశారు.

జేన్ మ్యానింగ్: 800 మైళ్ల కాలినడక

కనెక్టికట్ రాష్ట్రంలో బానిసత్వానికి వెలుపలి నల్లజాతి కుటుంబంలో పుట్టిన జేన్ ఎలిజబెత్ మ్యానింగ్, 1840ల తొలినాళ్లలో మోర్మన్ సంఘంలో చేరారు. 1843లో తల్లి, తోబుట్టువులతో కలిసి నావూకు బయలుదేరారు. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో వద్ద వారికి పడవ ప్రయాణం నిరాకరించారు. తోటి శ్వేతజాతి విశ్వాసులు పడవపై సాగిపోగా, ఈ కుటుంబం సుమారు 800 మైళ్లు, అంటే దాదాపు 1,300 కిలోమీటర్లు నడిచింది. చెప్పులు అరిగిపోయి పాదాలు చిట్లాయని, నేలపై రక్తపు అడుగులు కనిపించాయని జేన్ వార్ధక్యంలో చెప్పి రాయించిన ఆత్మకథలో ఉంది. దారిలో బానిసలు కారని నిరూపించే పత్రాలు చూపకపోతే కారాగారంలో పెడతామని అధికారులు బెదిరించారు.

నావూలో జోసెఫ్ స్మిత్, ఆయన భార్య ఎమ్మా వారికి ఆశ్రయమిచ్చారు. జేన్ వారి ఇంట పనిచేశారు. తమ కుమార్తెగా సంఘ సంస్కారం ద్వారా స్వీకరిస్తామని ఎమ్మా ప్రతిపాదించగా, దాని అర్థం తెలియక వద్దన్నానని ఆమె అనంతరం చెప్పుకొన్నారు. 1847లో భర్త ఐజాక్ జేమ్స్‌తో సాల్ట్ లేక్ లోయకు వచ్చారు. తిండిగింజలకు కటకటగా ఉన్న 1849లో, తన వద్ద ఉన్న పిండిలో సగం పొరుగింటి శ్వేతజాతి మహిళకు ఇచ్చారు. ఆ విషయాన్ని నమోదు చేసింది సాయం పొందిన మహిళే.

ఆ సంఘంలో నల్లజాతీయులకు మొదటి నుంచీ నిషేధం లేదు. జోసెఫ్ స్మిత్ జీవించి ఉండగానే, 1836లో, ఎలైజా ఏబుల్ అనే నల్లజాతి వ్యక్తికి యాజకత్వం లభించింది. అయితే 1852లో బ్రిగమ్ యంగ్, నల్లజాతీయులు యాజకత్వానికి అర్హులు కారని బహిరంగంగా ప్రకటించారు. అదే ఏడాది యూటా శాసనసభ, నల్లజాతి బానిసల సేవకత్వాన్ని గుర్తిస్తూ చట్టం చేసింది.

దాంతో ఆలయంలోని అత్యున్నత సంస్కారాలు జేన్‌కు అందలేదు. ఆమె నాయకులకు పలుమార్లు విన్నవించుకున్నారు. నాడు ఎమ్మా చేసిన ప్రతిపాదనను గుర్తుచేశారు. 1894లో సంఘం ఒక ప్రత్యేక సంస్కారం జరిపి, పరలోకంలో ఆమెను జోసెఫ్ స్మిత్ కుటుంబానికి ‘సేవకురాలి’గా అనుబంధించింది. కుమార్తెగా కాదు. ఆ సంస్కారానికి కూడా ఆమెను లోపలికి రానివ్వలేదు; ఆమె తరఫున మరొకరు నిలబడ్డారు. జేన్ తృప్తిపడలేదు, విన్నపాలు మానలేదు, విశ్వాసమూ వీడలేదు. 1908 ఏప్రిల్‌లో ఆమె మరణించినప్పుడు సంఘాధ్యక్షుడు జోసెఫ్ ఎఫ్. స్మిత్ అంత్యక్రియలలో ప్రసంగించారు. యాజకత్వ నిషేధం 1978 జూన్‌లో తొలగింది. నిషేధాన్ని సమర్థించేందుకు గతంలో చెప్పిన సిద్ధాంతాలను తిరస్కరిస్తున్నట్లు సంఘం 2013లో ప్రకటించింది.

తెల్లజెండా నీడలో మారణకాండ

1857 సెప్టెంబరులో ఆర్కన్సా రాష్ట్రం నుంచి కాలిఫోర్నియాకు బళ్లపై వెళుతున్న వలస కుటుంబాలు దక్షిణ యూటాలోని మౌంటెన్ మెడోస్ అనే పచ్చికబయలులో విడిది చేశాయి. అప్పటికి కేంద్ర సైన్యం యూటా వైపు కదులుతోంది. మిస్సోరీ అనుభవాలు పునరావృతమవుతాయన్న భయం మోర్మన్ గ్రామాలను ఆవరించింది. ఆ భయమే ఒక ఘోరానికి నేపథ్యమైంది.

కొన్ని రోజుల ముట్టడి తరువాత, సెప్టెంబరు 11న స్థానిక మోర్మన్ సైనికులు తెల్లజెండాతో ముందుకు వచ్చి, ఆయుధాలు అప్పగిస్తే క్షేమంగా దాటిస్తామని మాట ఇచ్చారు. నమ్మి బయటికి వచ్చినవారిని, కొందరు పాయూట్ ఆదివాసుల తోడుతో, అక్కడికక్కడే హతమార్చారు. సుమారు 120 మంది ప్రాణాలు కోల్పోయారు. సాక్ష్యం చెప్పలేని వయసు పసివారిని, 17 మందిని, విడిచిపెట్టారు. నేరాన్ని చాలాకాలం పాయూట్‌లపైనే మోపారు. శిక్ష పడింది జాన్ డి. లీ ఒక్కరికే. 1877లో ఆయనను అదే ప్రదేశంలో కాల్చి మరణశిక్ష అమలుచేశారు.

ఈ చీకటి అధ్యాయాన్ని సాక్ష్యాధారాలతో వెలికితీసినది ఒక మోర్మన్ మహిళే. దక్షిణ యూటాలో ఉపాధ్యాయురాలిగా పనిచేసిన జువానిటా బ్రూక్స్ 1950లో దీనిపై గ్రంథం ప్రచురించారు. సొంత సమాజంలో చాలామంది ముఖం చాటేసినా ఆమె వెనుకంజ వేయలేదు, సంఘాన్ని వీడలేదు. ఘటన జరిగి 150 ఏళ్లు నిండిన 2007లో, అదే స్థలంలో సంఘ నాయకత్వం ప్రగాఢ విచారం వ్యక్తంచేసింది.

ముందుగా ఓటు, ఆపై వేటు

1870 ఫిబ్రవరిలో యూటా ప్రాంతం మహిళలకు ఓటు హక్కు ఇచ్చింది. ఆ నెల 14న సాల్ట్ లేక్ సిటీ పురపాలక ఎన్నికలలో సెరాఫ్ యంగ్ అనే ఉపాధ్యాయిని ఓటు వేశారు. ఓటు హక్కు వస్తే యూటా మహిళలు బహుభార్యత్వాన్ని వ్యతిరేకిస్తారని వెలుపలివారు కొందరు ఆశించారు. అలా జరగలేదు. 1887లో అమెరికా కాంగ్రెస్, బహుభార్యత్వాన్ని అణచే చట్టంలో భాగంగా, ఆ మహిళల ఓటు హక్కును రద్దుచేసింది. కొత్త బహుభార్యా వివాహాలకు స్వస్తి పలుకుతున్నట్లు సంఘం 1890లో ప్రకటించింది. 1896లో యూటా రాష్ట్రంగా అవతరించినప్పుడు మహిళల ఓటు తిరిగి వచ్చింది. ఆ ఏడాదే వైద్యురాలు మార్తా హ్యూస్ కానన్ అమెరికాలో తొలి మహిళా రాష్ట్ర సెనేటర్‌గా ఎన్నికయ్యారు. పరాజితులలో ఆమె భర్త కూడా ఉన్నారు. ఆమె ఆయనకు నాలుగో భార్య.

కలకత్తా, మద్రాసులలో మోర్మన్లు

ఈ మతం భారతదేశానికి కంపెనీ పాలనలోనే చేరింది. 1851లో జోసెఫ్ రిచర్డ్స్ అనే ప్రచారకుడు కలకత్తాలో అడుగుపెట్టారు. మరుసటి ఏడాది ఆగస్టులో సాల్ట్ లేక్ సిటీ మహాసభ భారతదేశానికి తొమ్మిది మందిని నియమించింది. బహుభార్యత్వాన్ని సంఘం తొలిసారి బాహాటంగా అంగీకరించింది కూడా ఆ సభలోనే. 1853 ఏప్రిల్‌లో కలకత్తా చేరిన ప్రచారకుల కంటే ముందు ఆ వార్త ఎదురై, తలుపులు మూయించింది.

వారిలో రిచర్డ్ బాలంటైన్, రాబర్ట్ స్కెల్టన్ 1853 జూలైలో మద్రాసుకు వచ్చారు. నాడు కోస్తాంధ్ర, రాయలసీమ మద్రాసు రాజధాని పాలనలోనే ఉండేవి. బాలంటైన్ సాల్ట్ లేక్‌లో పిల్లల కోసం తొలి ఆదివారపు బడిని ఆరంభించిన వ్యక్తి. మద్రాసులో వారు కరపత్రాలు, ఒక మాసపత్రిక అచ్చువేయించారు. వాటి భాష ఇంగ్లిష్. శ్రోతలు ఎక్కువగా ఆంగ్లేయులు, సైనికులు. దేశభాషల వారికి వారి మాట పెద్దగా చేరలేదు. ఫలితం స్వల్పం. 1856 నాటికి ప్రచారకులందరూ వెనుదిరిగారు.

ఆ ప్రయత్నపు జాడ మరోచోట మిగిలింది. కలకత్తాలో ఈ మతం స్వీకరించిన బెంగాల్ సైన్యాధికారి మాథ్యూ మెక్‌కూన్ కుటుంబంతో యూటాకు వలస వెళ్లారు. 1849లో కలకత్తాలో పుట్టిన ఆయన కుమారుడు ఆల్ఫ్రెడ్ గనులు, రైలుమార్గాల వ్యాపారంలో కోటీశ్వరుడయ్యారు. ఆయన కట్టించిన భవంతి నేటికీ సాల్ట్ లేక్ సిటీలో ఉంది.

తెలుగు నేలపై ఈ సంఘం వేళ్లూనడానికి మరో శతాబ్దం పైగా పట్టింది. పసిఫిక్ ద్వీపమైన సమోవాలో ఉంటూ ఈ మతంలో చేరిన ఒక భారతీయ దంపతులు 1978 డిసెంబరులో హైదరాబాదుకు వచ్చి, తమ బంధువర్గంలో 22 మందికి బాప్తిస్మం ఇప్పించారు. నల్లజాతీయులపై నిషేధం తొలగినదీ ఆ ఏడాదే. జేన్ మ్యానింగ్ కన్నుమూసి అప్పటికి 70 ఏళ్లు. ఆమె గురించి నేడు తెలియడానికి ముఖ్య ఆధారం ఆమె చెప్పి రాయించిన కొన్ని పుటలే.