సేఫ్టీ క్రికెట్: రిలయన్స్ ఫోన్లో ఎయిడ్స్ పాఠం

పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం మీలో ఎంతమందికి క్లాసులో చెప్పారు? మా బళ్ళో అయితే "ఇంట్లో చదువుకోండి" అని తర్వాతి పాఠానికి వెళ్ళిపోయారు. ఆ దాటవేత సంగతి అందరికీ తెలిసిందే. దాన్ని పక్కదారిలో దాటిన ఓ గేమ్ కథ మాత్రం మన ఫీల్డులోనే చాలామందికి తెలీదు.

2005 ఎయిడ్స్ దినం నాడు ఢిల్లీలోని జెడ్ఎమ్‌క్యూ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 'ఫ్రీడమ్ హెచ్ఐవీ/ఎయిడ్స్' పేరుతో నాలుగు మొబైల్ గేములు వదిలింది. రిలయన్స్ సీడీఎంఏ ఫోన్లలో ఆడుకోవచ్చు. ఆ చిన్న తెర, అంకెల బటన్లు, జావా గుర్తున్నాయి కదా! 'సేఫ్టీ క్రికెట్'లో బ్యాటింగు చేస్తూనే ఏది సురక్షితమో, ఏది ప్రమాదమో తెలుసుకోవాలి. 'మెసెంజర్'లో ఓ పావురం దేశమంతా ఎగురుతూ కండోములూ ఎర్ర రిబ్బన్లూ ఏరుతుంది (నవ్వకండి). ఆఫ్రికాకి తీసుకెళ్ళినప్పుడు క్రికెట్ తీసేసి ఫుట్‌బాల్ పెనాల్టీ షూటౌట్ పెట్టారు. నాకు బాగా నచ్చిన డిజైన్ నిర్ణయం అదే. ఊరు మారితే ఆటా మారాలి మరి.

అప్పటికి హెచ్ఐవీ ఎక్కువగా ఉన్న రాష్ట్రాల జాబితాలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. బళ్ళలోనేమో, కౌమార విద్య కార్యక్రమాన్ని 2007లో మహారాష్ట్ర, కర్ణాటక, మధ్యప్రదేశ్ లాంటి రాష్ట్రాలు ఆపేశాయి. బ్లాక్‌బోర్డు మీద కుదరనిది ఫోన్లో ఎవరూ అడ్డు చెప్పకుండా నడిచిపోయింది! కాకపోతే అప్పట్లో ఇంటికో ఫోనుంటే అది నాన్న జేబులో ఉండేది. అబ్బాయిల చేతికైనా ఎప్పుడో అప్పుడు వచ్చేదేమో గానీ, అమ్మాయిల చేతికి వచ్చేదా? క్రికెట్ ఎంపికలోనే ఆడేది మగపిల్లలే అన్న లెక్క ఉందని నా అనుమానం.

ఇంకో చిక్కుంది. ఎన్నిసార్లు ఆడారో సర్వర్ చెప్తుంది, ఏం నేర్చుకున్నారో చెప్పదు. దానికి వేరే పద్ధతి కావాలి. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వాళ్ళు 'ప్లేఫార్వర్డ్' అనే ఐప్యాడ్ గేమ్ తయారుచేసి, 11 నుంచి 14 ఏళ్ళ పిల్లలు 333 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఇదీ, రెండోదానికి మామూలు ఆటలూ ఇచ్చారు. 2017లో ఫలితాలొచ్చాయి. ఏడాది తర్వాత కూడా ఈ గేమ్ ఆడినవాళ్ళకి విషయ పరిజ్ఞానం, ఆలోచనా తీరు మెరుగ్గా ఉన్నాయి. లైంగిక జీవితం మొదలుపెట్టడంలో మాత్రం రెండు గుంపులకీ తేడా కనపడలేదు. గేమ్ ఆడితే పిల్లలు చెడిపోతారని భయపడేవాళ్ళూ, గేమ్ ఒక్కటి చాలనేవాళ్ళూ, ఇద్దరూ ఆ ఆఖరి వాక్యం రెండుసార్లు చదవాలి.