నిప్పు లేనిదే పొగ రాదా?

మొన్న ఓ పేరంటంలో ఒక పెద్దావిడ, అక్కడ లేని ఓ అమ్మాయిని గురించి ఏదో చెప్పి, "ఏమోనమ్మా, నిప్పు లేనిదే పొగ రాదు కదా!" అంటూ తాంబూలం పుచ్చుకుని వెళ్ళిపోయారు. అంతే, తీర్పు అయిపోయింది. నలుగురిలో ఒక్కరూ మారు పలకలేదు. నేనూ పలకలేదు. ఇంటికొచ్చాక సిగ్గేసింది.

నిజానికి ఈ పొగ, నిప్పుల తగవు మన తర్కశాస్త్రంలో శతాబ్దాలనాటిది. 17వ శతాబ్దంలో అన్నంభట్టు అనే ఆంధ్ర పండితుడు, కొత్తగా తర్కం చదువుకునే పిల్లల కోసం 'తర్కసంగ్రహం' అని సంస్కృతంలో చిన్న పుస్తకం రాశాడు. దూరాన కొండ మీద పొగ కనిపిస్తోంది. అక్కడ నిప్పుందని చెప్పడం ఎలా? పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా. నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగులో లాగా. అవునండీ, అంత పెద్ద శాస్త్రానికీ సాక్ష్యం మన వంటిల్లే! పొగకు నిప్పుతో ఉన్న ఈ తప్పని తోడునే వాళ్ళు 'వ్యాప్తి' అన్నారు.

మరి తిరగేసి చెప్పొచ్చా? నిప్పున్న చోటల్లా పొగ ఉంటుందా? ఉండదు. ఎర్రగా కాలిన ఇనుపగుండును చూడమన్నారు తార్కికులు. అంతదూరం ఎందుకు, కుంపట్లో కణకణలాడే బొగ్గుల్ని చూసినా చాలు. నిప్పు పొగ కక్కాలంటే మూడోది ఒకటి కలవాలి: పచ్చి కట్టె. ఇలా చాటున నిలబడే షరతుకు 'ఉపాధి' అని పేరు పెట్టారు. ఊదుగొట్టంతో ఊదీ ఊదీ కళ్ళు ఎర్రబడ్డ మా అమ్మమ్మకు ఈ పేరు తెలియదు గాని, సంగతి మాత్రం బాగా తెలుసు!

ఇలాంటి లెక్కనే బొమ్మలు గీసి చూపించినవాడు ఆయిలర్. బెర్లిన్‌లో ఉండగా 1760-62 మధ్య ఈ గణితవేత్త ఓ జర్మన్ రాకుమారికి పాఠాలన్నీ ఉత్తరాల్లో రాశాడు. ఆమెకప్పుడు పదిహేనేళ్ళు. 1761లో రాసిన కొన్ని ఉత్తరాల్లో గుండ్రాలు గీశాడు. మన మాటల్లో చెప్పుకుంటే, పొగ చిన్న గుండ్రం, నిప్పు పెద్ద గుండ్రం. చిన్నది పెద్దదాని లోపల ఇమిడి ఉంటుంది. చిన్నదాంట్లో ఉన్నదల్లా పెద్దదాంట్లోనూ ఉన్నట్టే. పెద్దదాంట్లో ఉన్నదల్లా చిన్నదాంట్లో ఉండనక్కర్లేదు.

తర్వాత 1880లో ఇంగ్లండులో జాన్ వెన్ మరో పద్ధతి చెప్పాడు. మూడు విషయాలుంటే మూడు గుండ్రాలనూ ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా ముందే గీసెయ్యాలి. బయటి జాగాతో కలిపి 8 గదులు వస్తాయి. ఏ గది ఖాళీయో తెలిసినకొద్దీ దాన్ని నలుపు చేసుకుంటూ పోవడమే. తెలియని గది జోలికి మాత్రం పోకూడదు.

ఇప్పుడు పేరంటానికి వద్దాం. పెద్దావిడ చెప్పిన సామెత అబద్ధం కాదు. కాని ఆవిడ చూసింది పొగేనా? మంచో, ఆవిరో, దుమ్మో దూరం నుంచి పొగలాగే ఉంటాయి. ఆధారమే రుజువు కాకపోతే దాన్ని 'అసిద్ధం' అని తోసిపుచ్చారు మన తార్కికులు. నలుగురూ అనుకోవడం పొగ కాదు, ఒక్కోసారి ఉత్త దుమ్ము.

ఇంకో పొరపాటూ చేస్తాం. "ఆ కోడలు ఎన్నడూ నోరెత్తదు, ఆ ఇంట్లో ఏ బాధా లేదు" అనేస్తాం. పొగ లేదు గనక నిప్పూ లేదనుకుంటాం. కుంపటి సంగతి అప్పుడు గుర్తుకు రాదు!

ఈసారి ఎవరైనా ఆ సామెత ఎత్తితే, "పిన్నిగారూ, అది పొగేనంటారా?" అని మెల్లిగా అడుగుదామనుకుంటున్నాను. పొగే రాని ఇంటికి కూడా ఓసారి వెళ్ళి, "ఎలా ఉన్నావమ్మా?" అని పలకరించి వద్దామనుకుంటున్నాను.