క్రిస్టియన్ ఎండీవర్

క్రైస్తవ యువజనుల ఆత్మీయ సహవాస ఉద్యమం. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, పోర్ట్‌లాండ్‌లో విల్లిస్టన్ సంఘ కాపరి ఫ్రాన్సిస్ ఎడ్వర్డ్ క్లార్క్ 1881 ఫిబ్రవరి 2న దీన్ని ప్రారంభించారు. నినాదం ‘క్రీస్తు కొరకు, సంఘము కొరకు’.

వారంవారం జరిగే ప్రార్థన కూడికలో ప్రతి క్రియాశీల సభ్యుడూ, సభ్యురాలూ పాటలతో సరిపెట్టుకోకుండా ఏదో ఒక విధంగా పాలుపంచుకోవాలి: వాక్యం చదవాలి, చిన్న ప్రార్థన చేయాలి, లేదా తన విశ్వాసానుభవాన్ని సాక్ష్యంగా చెప్పాలి. పెద్దల ముందు నోరు మెదపని యువతకు గొంతునిచ్చింది ఈ నియమమే. ఉద్యమానికి ప్రాణమూ ఇదే. నెలకోసారి సమర్పణ కూడికలో పేర్లు పిలుస్తుంటే ఒక్కొక్కరూ లేచి తమ తీర్మానాన్ని మళ్లీ చెప్పుకునేవారు. కొత్తవారిని కలుపుకోవడం, వినోద కూటములు జరపడం వంటి పనులను వేర్వేరు కమిటీలు చూసేవి. ప్రపంచ సమాఖ్య 1895లో ఏర్పడింది. క్లార్క్ 1927లో మరణించారు.