గోదావరి కాలువలును భూగర్భజలమును

ఉట్నూరునకుఁ బడమటనున్న కొండలలోఁ బుట్టి, కుంతలయొద్ద జలపాతమై దుమికెడి కడెమునది గోదావరిలోఁ గలియును. ఆ గోదావరి సముద్రమును జేరకమున్నే ధవళేశ్వరముకడ అడ్డగింపఁబడి కాలువలఁ బట్టును. ఆ కాలువలు పండించిన పంటలఁ గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. అవి నేలక్రిందఁ దెచ్చిన మార్పును దలఁచినవారు తక్కువ.

డెల్టా నది తెచ్చిన ఒండ్రుమట్టిచే నేర్పడిన పల్లపు నేల. తీరమునకు సమీపించినకొలఁది భూగర్భజలము ఉప్పనగుచుండును. ఆకాశమునుండి ఒక్క రుచితోఁ బడిన నీరు భూభేదమునుబట్టి పలు రుచులఁ బొందునని వరాహమిహిరుఁడు బృహత్సంహితలో దకార్గలాధ్యాయమునఁ జెప్పిన మాట ఈ సీమకుఁ జక్కఁగ నన్వయించును. 1839లోఁ గోరంగి తీరమును ముంచిన ఉప్పెనవంటివి ఆ యుప్పును మఱింత పెంచునవియే.

ఆర్థరు కాటను 1847లో నారంభించిన ఆనకట్ట 1852లోఁ బూర్తియయ్యెను. అమరకోశమునఁ గుల్య యనఁగాఁ జిన్న కృత్రిమనది. పడవలు నడచిన యీ కాలువలకుఁ జిన్నతనము చెల్లదు. ఇవి మంటి కాలువలు. వీనినుండియు, నీరు నిలిచిన వరిమళ్లనుండియు నీరు నేలలోని కింకుచుండెను. మంచినీరు ఉప్పునీటికంటెఁ దేలిక గనుక దానిమీఁదఁ బొరగా నిలుచును. సముద్రమట్టమునకు ఒక్క అడుగు పైకి మంచినీరు నిలిచినచో, ఆ మట్టమునకు దిగువ నించుమించు 40 అడుగుల లోఁతువఱకు మంచినీరే యుండును. డచ్చివాఁడగు గైబెను పందొమ్మిదవ శతాబ్ది చివరను, జర్మనీవాఁడగు హెర్త్స్‌బెర్గు 1901లోను వేఱువేఱుగ నీ నియమమును దెలిపిరి. అది యెఱుఁగని కాలమునఁ గాటను సేద్యమునకును బడవల రాకపోకలకును గాలువలు త్రవ్వించెను. తీరపు బావులకుఁ జేరిన తీపి యుద్దేశింపని ఫలము.

నీరు మితిమీఱి పైకి వచ్చినను గీడే. బంకనేలలోని నీరు ఎండకు ఆవిరికాఁగా ఉప్పు పైన మిగిలి పొలము చౌడుబాఱును. దీనికి మురుగుకాలువలే మందు. పాఱుదలకుఁ జూపిన శ్రద్ధ వీనియెడఁ జూపకపోవుట పెద్ద లోపము: డెల్టా మురుగుపారుదల కొఱకుఁ బ్రత్యేకముగ పన్ను విధించు చట్టము 1968లోఁ గాని రాలేదు.

వేసవిలోఁ గాలువలు కట్టివేయఁగా బావుల మట్టము దిగును. అప్పుడే యంత్రములతో నీరు తోడినచో, పైన ఒక్క అడుగు తఱిఁగినందులకు క్రిందినుండి 40 అడుగుల యుప్పు పైకి వచ్చును. ఇటీవలి యాధునికీకరణమునఁ గాలువలకు సిమెంటు పూఁతయుఁ జేరినది. ఇంకిపోవు నీరు నష్టమని లెక్కించి, దానిని మిగిల్చి చివరి పొలములకుఁ బంపుట దీని యుద్దేశము. చివరి రైతు కోరిక న్యాయమైనదే. కాని ఆ లెక్కలో నష్టమని వ్రాసిన నీటిలోఁ గొంత, కాలువ గట్టు ప్రక్క బావులలో ఇన్నాళ్లును ద్రాగుచున్న నీరు.