దస్తావేజు లేఖరికి ఎవరు నేర్పారు?

పదో తరగతి పరీక్షలు అయిపోయిన వేసవిలో, అంటే 2003లో, నన్ను నందిగామలో టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేర్పించారు. నేను కంప్యూటర్ నేర్చుకుంటానని గొడవ చేశాను. "ముందు వేళ్ళు తిరగనీరా, అందులోనూ ఇవే అక్షరాలు" అన్నారు మా తాతయ్య. సొంత తాత కాదు, అమ్మకి చిన్నాన్న. జగ్గయ్యపేటలో దస్తావేజు లేఖరి. ఇంకు రిబ్బన్ మరకలు చేతులకి పూసుకుని లోయర్ పాసయ్యాను. ఆ ఇన్‌స్టిట్యూట్ రెండేళ్ళకే జెరాక్స్ షాపు అయిపోయింది.

ఇప్పుడు పదిహేనేళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను. ఈమధ్య మా టీమ్ మొత్తానికీ ఒక మెయిల్ వచ్చింది. ఏఐ వస్తోంది, మీరంతా మారాలి, ఫలానా కోర్సు ఈ నెలాఖరులోగా పూర్తిచేయాలి అని. భయపడుతూనే ఆ వీడియోలు చూస్తుంటే మాటిమాటికీ తాతయ్య గుర్తొచ్చారు. ఆయన బతుకులో రెండుసార్లు పని కిందనుంచి నేల జరిగింది. రెండుసార్లూ మెయిల్ రాలేదు, కోర్సూ లేదు.

మొదటిసారి 1984లో. ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల, మునసబుల వ్యవస్థని రద్దు చేసింది. ఊళ్ళో జనం పండగ చేసుకున్నారని అమ్మ చెప్పేది. చేసుకోవాల్సిందే. వంశపారంపర్యంగా ఒక ఇంటి చేతిలో ఊరి భూమి లెక్కలన్నీ ఉండటం ఎవరికి మంచిది? మా తాతయ్య కరణీకం మచ్చలేనిదని నేను అనను. కానీ కరణీకం పోయినా, ఆయన చేతిలో రాత మిగిలింది. ఒక రేకు పెట్టె, స్టాంపు కాగితాలు, పెన్నులు సర్దుకుని పేటకి వచ్చి రిజిస్ట్రారాఫీసు దగ్గర బల్ల వేసుకున్నారు.

ఆ పని ఏమిటో ఇప్పటివాళ్ళకి కొంచెం చెప్పాలి. పొలం అమ్మేవాడూ కొనేవాడూ వచ్చి కూర్చుంటారు. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు దిక్కులా హద్దులు, ఆస్తి ఎవరి నుంచి ఎలా సంక్రమించింది, సొమ్ము ఎంత ముట్టింది, అన్నీ కనుక్కుని "దాన విక్రయాది సర్వ హక్కులతో" అంటూ పేజీలకి పేజీలు కొట్టివేత లేకుండా రాయాలి. తర్వాత ఆఫీసు లోపల గుమాస్తాలు ఆ దస్తావేజు మొత్తాన్నీ మళ్ళీ చేత్తో రిజిస్టరులోకి ఎక్కించాలి. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం స్థిరాస్తి దస్తావేజులకి ఒకటో పుస్తకం, మనుషుల పేర్లకి ఒక సూచిక, ఆస్తులకి ఇంకో సూచిక. ఈసీ కావాలంటే ఏళ్ళ తరబడి సూచికలు తిరగేయాల్సిందే. ప్రోగ్రామర్ కళ్ళతో చూస్తే అది ముచ్చటైన డేటాబేస్. కాకపోతే క్వెరీకి రోజులు పట్టేది.

దాన్ని మార్చింది కార్డ్. రిజిస్ట్రేషన్ల శాఖని కంప్యూటరీకరించే ఆ ప్రాజెక్టుని నడిపింది జె. సత్యనారాయణ అనే ఐఏఎస్ అధికారి. 1996లో ప్రయోగంగా మొదలై, 1998 నవంబరు 4న ఉమ్మడి రాష్ట్రంలో 214 ఆఫీసుల్లో ప్రారంభమైంది. అదే నెల 22న వాజపేయి హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభించారు. మా తరం ఆ రెండోదాన్నే గుర్తుపెట్టుకుంది, ఆ గాజు మేడ ఫొటో చూసే కదా ఇంజనీరింగ్‌లో చేరాం. పల్లె జనానికి ముందు తగిలిన కంప్యూటర్ మాత్రం కార్డే. పాత సూచికలు ఎక్కించారు, చేతి నకళ్ళ బదులు స్కానింగ్ వచ్చింది, ఈసీ నిమిషాల్లో చేతికొచ్చింది.

ఆఫీసు లోపలివాళ్ళకి శిక్షణ ఇచ్చారు. బయట బల్లల దగ్గరున్నవాళ్ళు ఉద్యోగులు కారు గనక ఆ లెక్కలోకే రాలేదు. బ్యాంకులతో పోల్చి చూడండి. అక్కడ 1983లోనే యూనియన్లు కంప్యూటర్ల మీద యాజమాన్యాలతో బేరమాడి ఒప్పందం చేసుకున్నాయి. ఎన్ని యంత్రాలు, ఎక్కడ, వాటి మీద పనిచేసేవాడికి ఎంత అలవెన్సు, అన్నీ కాగితం మీదకి వచ్చాయి. ఆ తర్వాత బ్యాంకుల కంప్యూటరీకరణకి దారి వేసిన కమిటీలకి అధ్యక్షుడు సి. రంగరాజన్. కార్డ్ ప్రారంభమైన రోజున మన రాష్ట్ర గవర్నరూ ఆయనే! జీతం పట్టీలో పేరున్నవాడినే మన దేశం మార్పుకి సిద్ధం చేసిందని నాకనిపిస్తుంది. రైతుకూలీ, టైపిస్టు, లేఖరి ఎవరి దారి వాళ్ళు చూసుకున్నారు.

2004లో జొనాథన్ కేస్లీ అనే పరిశోధకుడు ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో కార్డ్ ఒక పైపూత అని రాశాడు. కంప్యూటర్లొచ్చినా మధ్యవర్తులూ పోలేదు, అవినీతీ పోలేదని ఆయన వాదన. అందులో చాలావరకు ఒప్పుకుంటాను. కానీ మధ్యవర్తిని తొలగించాల్సిన అడ్డంకిగా మాత్రమే చూడటం దగ్గర ఆగిపోతాను. చదవడం రాని రైతుకి హద్దులు చదివి వినిపించే మనిషి ఎవరన్నది కూడా లెక్కలోకి రావాలి.

నిజానికి తాతయ్య పనిని దెబ్బకొట్టింది కార్డ్ కన్నా పక్క షాపుల్లోకొచ్చిన డీటీపీ. పేజ్‌మేకరూ అనూ ఫాంట్లూ వచ్చాక చేతిరాత దస్తావేజు ఎవరికీ నచ్చలేదు. మావయ్య, అంటే ఆయన కొడుకు, సొంత డబ్బు కట్టి ఒక షాపులో రాత్రిపూట నేర్చుకున్నాడు. ఆ తర్వాత తాతయ్య చెప్పేవారు, మావయ్య కొట్టేవాడు. ఒకసారి పాత ఫైల్‌నే కాపీ చేసి పేర్లు మార్చాడు. ప్రింటు చదువుతూ తాతయ్య ఆగిపోయారు. "తూర్పున వాగెక్కడిదిరా ఈ పొలానికి? డొంక కదా!" పాత ఫైల్లోని వాగు అలాగే ఉండిపోయింది. ఇలాంటి తప్పులు నేను కోడ్‌లో ఎన్నిసార్లు చేశానో చెప్పుకోలేను. నాకు పట్టుకునే టెస్టులున్నాయి, మావయ్యకి తాతయ్య ఉన్నారు.

ఆయన పోయి పదకొండేళ్ళయింది. 2023లో కార్డ్ 2.0 అని, దస్తావేజు ఎవరికి వాళ్ళే ఆన్‌లైన్‌లో తయారు చేసుకోవచ్చని అన్నప్పుడు రాష్ట్రంలో లేఖరులు ఆందోళనకి దిగారు. మావయ్య రెండు రోజులు షాపు మూసి, మూడో రోజు తెరిచాడు. ఇంట్లో గడవాలి కదా.

మొన్న ఫోన్ చేశాడు. "ఒరే అల్లుడూ, చాట్‌జీపీటీ క్రయ దస్తావేజు బానే రాస్తోందిరా. హద్దులు మాత్రం నన్నే అడుగుతోంది" అని నవ్వాడు. తర్వాత కాసేపు ఆగి, "మీ ఆఫీసులో ఏదో కోర్సు పెట్టారన్నావే, ఆ లింకు పంపు" అన్నాడు. పంపాను. కంపెనీ ఐడీ ఉంటేనే తెరుచుకుంటోందట.