మామునూరు - బసంత్‌నగర్ విమానాశ్రయాల మధ్య దూరము

మామునూరు (వరంగల్), బసంత్‌నగర్ (రామగుండం) ఉత్తర తెలంగాణలోని రెండు పాత విమానాశ్రయములు. వీటి మధ్య వాయుమార్గ దూరము సుమారు 90 కి.మీ. హుజూరాబాద్ పట్టణము ఈ రెంటినీ కలిపే సరళరేఖకు కొద్దిగా పడమరన ఉన్నది. ఇక్కడినుండి వాయుమార్గమున మామునూరు సుమారు 37 కి.మీ., బసంత్‌నగర్ సుమారు 55 కి.మీ. ఉండును.

దూరమును లెక్కించుట

మామునూరు 17.91 ఉత్తర అక్షాంశము, 79.60 తూర్పు రేఖాంశము వద్ద, బసంత్‌నగర్ 18.70, 79.39 వద్ద ఉన్నవి. ఒక డిగ్రీ అక్షాంశము సుమారు 111 కి.మీ. ఈ ప్రాంతములో ఒక డిగ్రీ రేఖాంశము సుమారు 106 కి.మీ. మాత్రమే. ఆ ప్రకారము ఉత్తర-దక్షిణముగా 87 కి.మీ., తూర్పు-పడమరలుగా 22 కి.మీ. తేడా వచ్చును. ఈ రెండు భుజములు గల లంబకోణ త్రిభుజపు కర్ణము సుమారు 90 కి.మీ. ఇంత చిన్న దూరమునకు భూమి వక్రతను లెక్కలోనికి తీసుకొనకున్నా ఫలితము మారదు.

ప్రయాణ కాలము

ఈ రెంటి మధ్య రోజువారీ విమాన సర్వీసు లేదు. గంటకు 500 కి.మీ. వేగముతో పోవు ఏ.టి.ఆర్.-72 వంటి విమానమునకు 90 కి.మీ. దాటుటకు 11 నిమిషములు చాలును. కాని పైకి లేచుట, దిగుట కలిపితే అరగంట పట్టవచ్చును. అసలు ఇంత దగ్గరి ఊళ్ల మధ్య విమానము నడుపుట లాభసాటి కాదు. రోడ్డు మార్గమున కరీంనగర్, హుజూరాబాద్, వరంగల్ మీదుగా సుమారు 130 కి.మీ., మూడు గంటల ప్రయాణము. ఇందులో కరీంనగర్ - వరంగల్ భాగము 563వ జాతీయ రహదారి. దీనిలో 68 కి.మీ. నాలుగు వరుసలుగా విస్తరించు పనులకు 2023 జూలైలో శంకుస్థాపన జరిగినది.

చరిత్ర

మామునూరు విమానాశ్రయము ఏడవ నిజాము మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనలో, 1930 ప్రాంతమున నిర్మించబడినది. 1981లో మూతపడినది. బసంత్‌నగర్ ఎయిర్‌స్ట్రిప్‌ను అక్కడి కేశోరాం సిమెంటు కర్మాగారమువారు నిర్మించారు. 1980లలో వాయుదూత్ విమానములు ఇక్కడికి వచ్చేవి.

150 కి.మీ. నిబంధన

ఈ ప్రాంతమునకు సంబంధించి అసలు చిక్కు తెచ్చిన దూరము మరొకటి. శంషాబాద్ విమానాశ్రయపు 2004 నాటి ఒప్పందము ప్రకారము, అది ప్రారంభమైన 2008 నుండి 25 సంవత్సరముల వరకు 150 కి.మీ. పరిధిలో మరొక విమానాశ్రయమును అభివృద్ధి చేయరాదు. ఇది వాయుమార్గ దూరము. మామునూరు శంషాబాదుకు సుమారు 145 కి.మీ. దూరములో, అనగా కేవలము ఐదు కి.మీ. తేడాతో, నిషేధ పరిధిలో చిక్కినది. బసంత్‌నగర్ సుమారు 190 కి.మీ. దూరమున ఉన్నందున దానికి ఈ అడ్డంకి లేదు. జి.ఎం.ఆర్. సంస్థ అభ్యంతరము లేదని తెలిపిన తరువాత 2025 ఫిబ్రవరి 28న కేంద్ర పౌర విమానయాన శాఖ మామునూరు అభివృద్ధికి అనుమతించినది. నిబంధన సడలింపు వరంగల్‌కు మాత్రమే వర్తించును.

రామగుండము ప్రాంతమునకు బసంత్‌నగర్ బదులు అంతర్‌గాం స్థలమును 2025లో పరిశీలనకు తీసుకొన్నారు. అది గోదావరి వైపు, మరింత ఉత్తరమున ఉన్నందున మామునూరుకు దూరము కొన్ని కిలోమీటర్లు పెరుగును. హుజూరాబాదు వారికి మాత్రము ఏ లెక్కన చూసినా మామునూరే దగ్గర. ఐతే ఈ జిల్లాలనుండి గల్ఫ్ దేశములకు వెళ్లువారు ఎక్కువ. మామునూరులో దేశీయ సర్వీసులు మాత్రమే నడిచినచో వారికి శంషాబాద్ ప్రయాణము తప్పదు.